మొండి టైరుకు చిన్న మీటే మేలు

పంక్చరు అతికించి, ట్యూబును టైరులో పెట్టి గాలి కొట్టాను. ఐదు నిమిషాలకే చక్రం చతికిలబడింది. విప్పి చూస్తే అతుకు భేషుగ్గా ఉంది, దాని పక్కన రెండు కొత్త చిల్లులున్నాయి! నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి ముచ్చట ఇది. ఆ చిల్లులు ముల్లు చేసినవి కావు, టైరు ఊడదీయడానికి నేను వాడిన స్క్రూడ్రైవరు చేసినవి.

మీలో చాలామందికి ఇలాంటి అనుభవం ఉండే ఉంటుంది. టైరు రాకపోతే మనం వెంటనే ఏం చేస్తాం? ఇంకా పొడవైన ఇనుప ముక్క కోసం వెతుకుతాం. అది పొరపాటని నా అభిప్రాయం. ఎందుకో చూడండి.

సైకిలు షాపులో టైరు లివరు అనేది మీరు పాఠంలో చదువుకున్న మీటే. రిమ్ము అంచు దానికి ఆధారం. టైరు అంచు కిందికి దూరిన కొన నుంచి ఆధారం దాకా 1 సెంటీమీటరు, ఆధారం నుంచి మీ చేతి దాకా 10 సెంటీమీటర్లు ఉన్నాయనుకోండి. మీరు 4 కిలోల బరువంత బలంతో నొక్కితే, కొన దగ్గర అది 40 కిలోల బరువంత అవుతుంది. ఆధారం నుంచి చేతి దాకా దూరం రెట్టింపైతే ఆ బలం కూడా రెట్టింపే. పలచటి ట్యూబు మధ్యలో చిక్కితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మరి మొండి టైరు వచ్చేదెలా? రిమ్ము లోపలి వైపు చూడండి. నడుమ ఒక గాడి ఉంటుంది. అది ఊరికే పెట్టింది కాదు. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. తొలి రోజుల్లో దాన్ని విప్పడం పెద్ద పని. 1890లో ఇంగ్లండులో ఛార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ టైరు అంచుల్లో సాగని తీగ పెట్టి, రిమ్ము నడుమ గాడి ఉంచాడు. ఇప్పటికీ మన సైకిళ్ళకు ఆ పద్ధతే ఆధారం.

తీగ సాగదు. మరి రిమ్ము అంచును ఎలా దాటుతుంది? ఇక్కడ లెక్కలు అక్కరకొస్తాయి. గాడి 3 మిల్లీమీటర్ల లోతు ఉందనుకోండి. టైరు అంచు అందులోకి దిగితే వ్యాసార్ధం 3 మిల్లీమీటర్లు తగ్గుతుంది. చుట్టుకొలత 2πr కదా! 2 × 3.14 × 3, అంటే దాదాపు 19 మిల్లీమీటర్ల తీగ మిగులుతుంది. ముప్పాతిక భాగమే దిగినా 14 మిల్లీమీటర్లు వదులు దొరుకుతుంది. చక్రం పెద్దదైనా చిన్నదైనా లెక్క ఇంతే.

కాబట్టి ముందు గాలి పూర్తిగా తీసేయండి. టైరును చుట్టూ బొటనవేళ్ళతో నొక్కి, రెండు అంచులనూ గాడిలోకి దింపండి. తుప్పుకు అంటుకుపోయి ఉంటే కాస్త సబ్బునీళ్ళు పూయండి. వదులంతా ఒక చోటికి చేరాక అక్కడ మీట పెట్టండి. దానికి రెండు పుల్లల దూరంలో రెండోది పెట్టండి. తిరిగి ఎక్కించేటప్పుడు వాల్వు దగ్గర ఆఖరున ముగించండి. వాల్వు ఉన్నచోట అంచు గాడిలోకి దిగదు మరి.

ఇక మీట ఎంపిక. జానెడు కన్నా పొట్టిది, చెంచాలా వెడల్పైన కొన ఉన్నది రెండు కొనండి. రెండో చివర పుల్లకు తగిలించే కొక్కెం ఉంటే మరీ మంచిది. కొనే ముందు కొనను పాత నూలుగుడ్డ మీద లాగి చూడండి. దారం పట్టుకుంటే ట్యూబునూ పట్టుకుంటుంది. అల్యూమినియం రిమ్ముకు గట్టి ప్లాస్టిక్‌ది వాడండి, ఇనుము దాన్ని గీస్తుంది. తుప్పు పట్టిన పాత ఉక్కు రిమ్ముకు నున్నటి ఉక్కుదే నయం, దాని పలచటి కొన సందులోకి దూరుతుంది. "ప్లాస్టిక్ విరిగిపోతుంది కదా!" అంటారేమో. విరిగిందంటే అంచు గాడిలోకి దిగలేదని అర్థం. ట్యూబు చిరగడం కన్నా, రిమ్ము వంగడం కన్నా ఆ హెచ్చరిక చవక.

టైరు మొండికేస్తే బలం పెంచకండి. ముందు గాడి వెతకండి. ఈ ఆదివారం మీ సైకిలు మీదే పరీక్షించి చూడండి!