తప్పిపోయింది ఎవరు?

"ఇంటర్నెట్టు పుణ్యమా అని పాత స్నేహితులంతా దొరికారండీ!" అమెరికాలో మనవాళ్ళు నలుగురు చేరినచోట తప్పకుండా వినిపించే మాట ఇది. హాస్టల్లో పక్క గదివాడు, ల్యాబులో పక్కన నిలబడ్డవాడు ఒక్కొక్కరే దొరికి, వాట్సాప్‌లో ఒక గ్రూపుగా చేరి, రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మలతో శుభోదయాలు చెప్పుకుంటున్నారు. సంతోషం. కాని ఆ వాక్యంలో "అంతా" అన్నది నిజం కాదు. "దొరికారు" అన్నది అసలే నిజం కాదు.

ముందు "అంతా" సంగతి చూద్దాం. మీ గ్రూపులో ఉన్నవాళ్ళ పేర్లు ఒకసారి చదువుకోండి. ఇంజినీరింగు బ్యాచి ఉంటుంది. ఎమ్మెస్‌కి కలిసి వచ్చినవాళ్ళు ఉంటారు. ఊళ్ళో జిల్లా పరిషత్తు హైస్కూల్లో అయిదేళ్ళు మీతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు? పది తప్పి సైకిలు షాపులో చేరినవాడు ఉన్నాడా? తండ్రి పోతే పొలంలోకి దిగినవాడు? ఇంటరు పూర్తికాకుండానే పెళ్ళయిపోయిన అమ్మాయి? క్లాసులో మీకంటే లెక్కలు బాగా చేసింది ఆ అమ్మాయే కావచ్చు.

ఇదేదో యాదృచ్ఛికం అనుకోకండి. ఈ పనిముట్లు పుట్టిందే అలా పుట్టాయి. 1995లో ఇక్కడ మొదలైన క్లాస్‌మేట్స్ డాట్ కామ్ మనుషుల్ని బడి పేరుతో, పాసైన సంవత్సరంతో వెతికిపెట్టింది. ఆర్కుట్ 2004 జనవరిలో వచ్చినప్పుడు లోపలివాళ్ళు పిలిస్తేనే ప్రవేశం. మరుసటి నెల హార్వర్డులో పుట్టిన ఫేస్‌బుక్ మొదట్లో కాలేజీ ఈమెయిలు ఉన్నవాళ్ళనే రానిచ్చింది. అందరికీ తలుపు తీసింది 2006 సెప్టెంబరులో. ఈనాటికీ "మీకు తెలిసినవారు కావచ్చు" అని అది చూపించే జాబితా ఎక్కువగా ఉమ్మడి స్నేహితుల లెక్క మీద తయారయ్యేదే. మీకూ ఒక మనిషికీ మధ్య ఇప్పుడు ఒక్క స్నేహితుడు కూడా ఉమ్మడిగా లేకపోతే, ఆ మనిషి ఆ జాబితాలోకి రావడం చాలా కష్టం. వృత్తిరీత్యా చెబుతున్నాను, ఇందులో ప్రోగ్రాము తప్పేమీ లేదు. ఎలాగూ దగ్గరగా ఉన్నవాళ్ళని అది ఇంకాస్త దగ్గర చేస్తుంది. దూరమైనవాళ్ళ జోలికి పోదు.

పైగా మన పేర్లు ఈ యంత్రాలకి ఒక పట్టాన కొరుకుడు పడవు. హాజరు పట్టీలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది. అమెరికా వచ్చాక అదే పూర్తిగా సాగి పేరు చివరికి పోతుంది. లక్ష్మిని ఇంగ్లీషులో "కెఎస్‌హెచ్"తో రాసేవాళ్ళున్నారు, "ఎక్స్"తో రాసేవాళ్ళున్నారు. సుబ్బారావు ఒక మాటో రెండు మాటలో ఎవరి ఇష్టం వారిది. ఆడపిల్లలకి పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది. పాస్‌పోర్టు దగ్గరికొచ్చేసరికి కొందరికి మొగుడి పేరే చివరి పేరవుతుంది. ఫోటో ఉండాల్సినచోట గులాబీ పువ్వు ఉంటుంది. "కె. పద్మావతి" అని కొడితే వచ్చే పేర్లలో మన పద్మావతి ఎవరో ఏ కంప్యూటరు చెబుతుంది? ఆ ఊరి టైలరు చెబుతాడు.

ఇక "దొరికారు" సంగతి. దొరకాలంటే ముందు తప్పిపోవాలి కదా. సైకిలు షాపువాడు ఎప్పుడు తప్పిపోయాడు? అదే ఊరు, అదే సెంటరు. సైకిళ్ళ పక్కన ఇప్పుడు మోటారు సైకిళ్ళు కూడా బాగుచేస్తున్నాడు, అంతే. ఊరొదిలి హైదరాబాదు, అక్కణ్ణించి డిట్రాయిటు, డాలసు అంటూ అడ్రసులు మార్చుకుంటూ వచ్చింది మనం. మన అడ్రసు వాడికి తెలిసే దారి లేదు. వాడి అడ్రసు మనకి ఇప్పటికీ నోటికొచ్చు. మరి తప్పిపోయింది ఎవరు?

ఈ మాటంటే రెండు జవాబులొస్తాయి. "ఇన్నేళ్ళ తరవాత ఏం మాట్లాడుకుంటామండీ?" అన్నది మొదటిది. గ్రూపులో మాత్రం ఏం మాట్లాడుకుంటున్నాం? ఫార్వర్డులు పంపించుకుంటున్నాం. రెండోది గొంతు తగ్గించి చెప్పేది: "పలకరిస్తే డబ్బులడుగుతారు." అడగొచ్చు. కొడుకు ఫీజుకో, భార్య ఆపరేషనుకో అడగొచ్చు. ఇవ్వగలిగితే ఇస్తాం, లేకపోతే లేదంటాం. గ్రూపులో వాళ్ళు అడగడం లేదా? మేనల్లుడి రెజ్యుమే మీ కంపెనీలో ఇవ్వమని, శంషాబాదు దగ్గర ప్లాటు కొనమని, అమ్మాయికి సంబంధం చూడమని రోజూ అడుగుతూనే ఉన్నారు. దానికి మనం నెట్‌వర్కింగు అని పేరు పెట్టుకున్నాం. ఉన్నవాడు అడిగితే పరిచయం, లేనివాడు అడిగితే అప్పు!

యంత్రం కట్టిన వంతెన యంత్రంతోనే పోతుందన్నది కూడా మర్చిపోవద్దు. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. ఫోను నంబరు అడగకుండా, స్క్రాపులతోనే సరిపెట్టుకున్న స్నేహాలకి ఆ రోజుతో దారి మూసుకుపోయింది.

కంప్యూటరు పారెయ్యమనడం లేదు. దానితో తిండి తింటున్నవాణ్ణి, ఆ మాట ఎలా అంటాను? అది చేసే పని దానితో చేయించుకుని, మిగిలినది మనుషుల్ని అడగమంటున్నాను. ఊళ్ళో ఇంకా ఉన్న ఒక్క బంధువుకి ఫోను చేసి నాలుగు పేర్లు చెప్పండి. ఎవరూ లేకపోతే హైస్కూలు హెడ్మాస్టరు గారికి ఒక ఉత్తరం రాయండి. 1972లో వచ్చిన పిన్‌కోడు ఇంకా పనిచేస్తోంది. ఆడవాళ్ళ సంగతి మరో ఆడమనిషి ద్వారా కనుక్కోండి. ఆవిడ సరేనంటేనే నంబరు తీసుకోండి, గ్రూపులో మాత్రం పెట్టకండి. ఎవరికీ దొరకకుండా ఉండాలనుకునే హక్కు కూడా మనిషికి ఉంది.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఫైవ్‌స్టార్ హోటల్లో బ్యాచి రీయూనియనుకి రెండు రోజులు పెట్టుకున్నారు కదా. అందులోంచి ఒక పూట తీసి ఊరికి ఇవ్వండి. ముందు ఫోను చెయ్యనక్కర్లేదు. సైకిలు షాపు తీసే ఉంటుంది.