తాడు తెంచే చాకే తోడు!

కార్తీక పౌర్ణమికి మంగినపూడి వెళ్లేవాళ్లు ఏం సర్దుకుంటారు? పులిహోర పొట్లాలు, తడిబట్టలకో సంచీ, దీపాలు వదలడానికి అరటి దొప్పలు. అంతే. బందరు నుంచి 11 కిలోమీటర్లేగా, స్నానం చేసి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేయొచ్చు. ఇప్పటి కుర్రకారు తీరు వేరు. వీపుకో పెద్ద సంచీ, మడతపెట్టే గుడారం, తలకి కట్టుకునే లైటు... రాత్రంతా సముద్రం హోరు వింటూ గడపాలన్నది వాళ్ల సరదా. ఆ సంచీలో ఓ కత్తి కూడా ఉండాలని నలుగురిలో ఎవరో ఒకరు అంటారు. ఇక చూస్కోండి చర్చ! ఎంత పొడవుది? ఏ దేశానిది? ర్యాంబో చేతిలో ఉంటుందే, అలాంటిదా?

చర్చ మంచిదే. ఎందుకంటే ఇది కుర్రాళ్ల షికారుతో అయిపోయే సంగతి కాదు. బందరు నుంచి నాగాయలంక దాకా సముద్రానికి దగ్గరగా ఉన్న ఏ ఇంట్లో అయినా అక్టోబరు, నవంబరు నెలల్లో చేతికందే చోట ఉండాల్సిన వస్తువు ఇది. షికారుకి కొన్నదే తుపాను రాత్రికీ పనికొచ్చేలా ఎంచుకుంటే ఒక ఖర్చుతో రెండు పనులు.

ముందుగా మడత చాకు సంగతి. జేబులో పడుతుంది, ముచ్చటగా ఉంటుంది, యాపిల్ కొయ్యడానికి భేషుగ్గా పనికొస్తుంది. కానీ మంగినపూడి బీచ్ చూసినవాళ్లకి తెలుసుగా, అక్కడ కాలికి తగిలేది మామూలు ఇసుక కాదు, మెత్తటి నల్లమట్టి. చాకు మడతలోకి ఆ మట్టి దూరి, దానికి ఉప్పునీరు తోడైతే రెండోరోజుకే కీలు బిగుసుకుపోతుంది. దాన్ని తెరవడానికి చాలాసార్లు రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో గుంజో, పడవ అంచో పట్టుకుని వేలాడుతున్నవాడికి రెండో చెయ్యి ఎక్కణ్నుంచి వస్తుంది? మడవని చాకుకి ఆ తంటా లేదు. ఒరలోంచి లాగితే పనికి సిద్ధం. దుకాణాల్లో దీన్నే ఫిక్స్‌డ్ బ్లేడ్ అంటారు.

ఇక ర్యాంబో దగ్గరికొద్దాం. 1982లో వచ్చిన ‘ఫస్ట్ బ్లడ్’ సినిమా పుణ్యమా అని ప్రపంచమంతా ఆ తరహా కత్తి మీద మోజుపడింది. వీపున రంపం పళ్లు, బోలు పిడి, పిడి చివర దిక్సూచి, లోపల అగ్గిపుల్లలు, గాలం దారం! చూడ్డానికి బ్రహ్మాండం. చవకగా అమ్మే నకళ్లలో తిరకాసంతా ఆ బోలు పిడిలోనే ఉంది. కత్తి ఇనుము పిడి మొదట్లోనే ఆగిపోతుంది. కాస్త గట్టిగా బలం పెడితే అక్కడే విరుగుతుంది. వీపున ఉన్న రంపంతో సరుగుడు కర్ర కోద్దామంటే సగంలోనే ఇరుక్కుపోతుంది. అందుకే కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న... ఇనుము పిడిలో ఎంత దూరం వెళ్లింది? చివరిదాకా ఒకే పట్టీగా ఉంటే దాన్ని ఫుల్ ట్యాంగ్ అంటారు. పిడికి రెండు పక్కలా చెక్కలు బిగించి, మధ్యలో ఇనుము కనిపిస్తూ ఉంటుంది. మన కమ్మరి కొలిమిలో చేసిన కత్తుల్లోనూ ఈ రకం ఉంది. అలాగని అది లేనిదల్లా పనికిరానిదని కాదు. స్వీడన్‌లోని మోరా పేరుతో వచ్చే చిన్న చాకుల్లో చాలావాటికి ఇనుము పిడిలో కొంతవరకే ఉంటుంది. అయినా వడ్రంగులు, జాలర్లు ఏళ్ల తరబడి వాడుతున్నారు. వాళ్లు దాంతో కోస్తారు, పలుగులా వాడరు. అదీ తేడా.

పలుపు ముడి... పరీక్ష అదే

అసలు మన ప్రాంతంలో చాకుతో ప్రాణం మీదకొచ్చే పని ఏముంటుంది? ఎలుగుబంట్లు లేవు, మంచుకొండలు లేవు. ఉన్నది నీళ్లు, తాళ్లు.

1864 నవంబరు 1న బందరు మీద విరుచుకుపడిన ఉప్పెన దాదాపు 30 వేల మందిని బలిగొంది. 1977 నవంబరు 19న దివిసీమలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు. పశువులు లక్షల్లో. ఆ సంగతులు మన పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతారు. చెట్లు పట్టుకుని బతికి బయటపడ్డవాళ్లున్నారు. కట్టేసిన గొడ్డు మాత్రం ఏం పట్టుకుంటుంది? నీళ్లు వచ్చాక మెడకున్న పలుపే దానికి ఉరితాడు. తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ పశువుల్ని కట్లు విప్పి వదిలెయ్యండని అధికారులు చెప్పేది అందుకే.

విప్పడం అంత తేలికా? నీళ్లలో నానిన నారతాడు ముడి ఉబ్బిపోతుంది. బెదిరిన గేదె గింజుకునే కొద్దీ ఇంకా బిగుస్తుంది. చీకటి, వాన, వణికే వేళ్లు. గోళ్లు ఊడినా ఆ ముడి రాదు. చాకుంటే మాత్రం రెండు కోతలు. కోసేటప్పుడు మెడ దగ్గర కాకుండా గుంజ వైపు కొయ్యాలి. వాదర గొడ్డుకేసీ మీకేసీ కాకుండా బయటికి తిరిగి ఉండాలి. తాడు తెగిన మరుక్షణం గేదె ఒక్క ఉదుటున దూకుతుంది కాబట్టి ఎదురుగా నిలబడకండి, పక్కన ఉండండి. పడవ లంగరు తాడైనా, కాళ్లకి చుట్టుకున్న నైలాన్ వలైనా, గాలికి మీద కూలిన గుడారమైనా ఇదే పని. తెగ్గొట్టి బయటపడాలి.

కాబట్టి దుకాణంలో చాకుని కాగితం మీద పరీక్షించి మురిసిపోకండి. మూరెడు నైలాన్ తాడు జేబులో వేసుకెళ్లండి. తడిపి, బిగించి పట్టి కోసి చూడమనండి. ఒప్పుకోని దుకాణదారుకి ఓ నమస్కారం పెట్టి వచ్చెయ్యడమే. తాడు కొయ్యడానికి పళ్లున్న వాదర మంచిదని కొందరంటారు, నిజమే కూడా. కానీ ఆ పళ్లు మొద్దుబారితే ఇంట్లో సానరాయి మీద పదును పెట్టుకోవడం కష్టం. నా ఓటు సాదా వాదరకే. సానరాయి గరుకు వైపు మాత్రమే పట్టి, నున్నగా మెరుగుపెట్టకుండా వదిలేస్తే ఆ కాస్త గరుకే తాడు పీచుని పట్టి కోస్తుంది.

సూదిలాంటి మొన కూడా సినిమా వాళ్ల మోజే. తెరచాప ఓడల కాలం నుంచీ నావికులు మొన లేకుండా, చివర మొద్దుగా వంగిన చాకులు వాడేవారు. ఊగే ఓడలో చెయ్యి జారితే పక్కవాడికి దిగకూడదుగా! గాలి నింపే రబ్బరు తెప్పలున్న చోట కూడా అలాంటిదే ఉంచుతారు. పిల్లలు, పశువులు, హడావుడి ఉన్న ఇంటికి ఆ రకమే మేలు.

ఉప్పుగాలితో పేచీ

ఇనుము ఎంపికలో మన తీరం దగ్గర వాదనకి చోటు తక్కువ. కార్బన్ ఉక్కు చాకు గొప్ప పదును పట్టే మాట నిజం. సానరాయి మీద నాలుగు రుద్దులకే దారికొస్తుంది. కానీ ఉప్పుగాలికి ఒక్క రాత్రిలో తుప్పు చుక్కలు వేస్తుంది. రోజూ మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసే ఓపికుంటే అదే కొనండి. ఏడాదికోసారి బయటికి తీసేవాళ్లయితే స్టెయిన్‌లెస్ ఉక్కే శరణ్యం. అందులో క్రోమియం 12 శాతం పైన ఉంటుంది, తుప్పుని ఆపేది అదే. అసలు తుప్పు పట్టదని కాదు, నెమ్మదిగా పడుతుంది. సముద్రం నీళ్లు తగిలాక దాన్నీ కడగాల్సిందే.

ఉక్కు మాటొచ్చింది కాబట్టి ఓ చిన్న పక్కదారి. గోల్కొండ నవాబుల కాలంలో బందరు పెద్ద రేవు. తెలంగాణలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వచ్చేవారు. మెలికల చారలు తేలే కత్తులకి పనికొచ్చేది గోల్కొండ ఉక్కేనని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ రాశాడు. ఇప్పుడు డమాస్కస్ పేరుతో చారల చాకులు అమ్ముతున్నారు చూడండి, అవి చాలావరకు రెండు రకాల ఉక్కుని పొరలుగా అతికి చేసినవి. గోడకి తగిలించుకోవడానికి బావుంటాయి. గొడ్ల సావిడిలోకి వద్దు.

కొలతల దగ్గర ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. అలుగు నాలుగైదు అంగుళాలు, మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు చాలు. అంతకన్నా పొడవైతే చెయ్యి అదుపులో ఉండదు. చట్టం కూడా గుర్తుండాలి. ఇంటి పనికీ, సాగు పనికీ కానివైతే 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల నిబంధనల కిందికొస్తాయి. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. చిన్నదైనా సరే, నడుముకి వేలాడదీసుకుని బందరు బస్టాండులో తిరిగితే పోలీసులు ఆపి అడగరా? సంచీ అడుగున పెట్టుకోండి.

పిడికి నున్నటి చెక్క, మెరిసే ఇత్తడి చూసి మోసపోవద్దు. చేతులు సబ్బునీళ్లలో ముంచి పట్టుకుని చూడండి. జారితే వద్దు. గరుకు రబ్బరు పిడి చూడ్డానికి నాసిగా ఉన్నా పని దానిదే. వేలు వాదర మీదకి జారకుండా పిడి మొదట్లో చిన్న అడ్డు ఉండాలి. ఒర తోలుదైతే ఉప్పుతడి పీల్చుకుని లోపలున్న చాకుని తినేస్తుంది. అడుగున నీళ్లు కారిపోయే కన్నమున్న ప్లాస్టిక్ ఒర మేలు. ఒరని తలకిందులు చేసి గట్టిగా దులపండి. చాకు జారిపడిందా, అక్కడే వదిలెయ్యండి.

మరి బోండాం కొట్టుకోవాలంటే? నాలుగంగుళాల చాకుతో బోండాం మీద కుస్తీపడితే తెగేది వేలే. దానికి బరువైన మచ్చుకత్తి ఉండనే ఉంది. పాత లారీ కమాన్ పట్టీతో కమ్మరి చేసిచ్చినదైతే పదికాలాలుంటుంది. ఉప్పెన తర్వాత బావులన్నీ ఉప్పునీళ్లైనప్పుడు చెట్టు మీది బోండామే మంచినీళ్లు కాబట్టి ఇంటికి అదీ ఒకటి కావాలి. గీత కార్మికుడు గెల గీసే కత్తితో కమ్మలు నరికితే ఆ పదును ఏమవుతుంది? ఇదీ అంతే, ఏ పనికి ఆ కత్తి.

ఏ కత్తితోనూ ముట్టుకోకూడనిది మడచెట్టు. హంసలదీవి, నాగాయలంక వైపు వెళ్లే కుర్రాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నా. అక్కడి మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోవి. చలిమంటకని కొమ్మ నరికినా నేరమే. పైగా ఉప్పెన జోరుని కొంతైనా తగ్గించేవి ఆ చెట్లే. మంటకి ఎండు తాటాకు, కొబ్బరి డొక్కలు ఊళ్లోంచి పట్టుకెళ్లండి. గుడారం వేసేముందు అక్కడ రాత్రి ఉండనిస్తారో లేదో కనుక్కోండి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ప్రయాణమే మానుకోండి. 2004 డిసెంబరు 26 కూడా పౌర్ణమే, ఆ పొద్దున సునామీ మంగినపూడినీ వదల్లేదు. నీళ్లు ముంచుకొస్తుంటే చాకుతో చేసేదేం లేదు, పరుగెత్తడమే.

ఇంట్లో దీన్ని ఎక్కడ ఉంచాలన్నది చివరి సంగతి. బీరువాలో పెట్టి తాళం వేస్తే కరెంటు పోయిన రాత్రి ఎవరికీ దొరకదు. గొడ్ల సావిడి దూలానికి, పిల్లలకి అందని ఎత్తులో, ఒరతో సహా మేకుకి తగిలించండి. అది అక్కడుందని ఇంట్లో ఆడవాళ్లకీ, పాలేరుకీ కూడా తెలిసుండాలి. దసరాకి ఆయుధ పూజ చేస్తారు కదా, ఆ రోజే కిందికి దించి పాత పలుపు ముక్క ఒకటి తడిపి కోసి చూడండి. రెండు కోతల్లో తెగకపోతే, బొట్టు పెట్టేముందు సానరాయి తియ్యండి.