మన ఎద్దు వాళ్ళ బర్గర్ అయింది, మన అలసంద మన బర్గర్ కాకూడదా?

అన్నలారా, అక్కలారా, ఈ పోస్టు కొంచెం పొడుగు. ఓపికుంటే చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే మాత్రం మొత్తం చదివాకే తిట్టండి.

మొన్న సెలవల్లో మా కూతురి బిడ్డ ఊరికొచ్చింది. ఏడో తరగతి చదవతా ఉంది. వచ్చిన రెండో రోజే "తాతా, ఈడ బర్గర్ దొరకదా?" అనింది. చేజర్లలో బర్గర్ ఏందమ్మా అన్నా. మొహం ముడుచుకునింది. సరేలే, సెలవలకు వచ్చిన బిడ్డను ఏడిపించడం ఎందుకని బండి మీద ఎక్కించుకొని టౌనుకు తీసకపోయినా. ఏ టౌను, ఏ అంగడి అనేది చెప్పను, అది ముఖ్యం కాదు. ఒకటి తెప్పించినా. 120 రూపాయలు. బిడ్డ తింటా ఉంటే ఒక ముక్క తుంచి నేనూ నోట్లో వేసుకున్నా. రెండు బన్ను ముక్కల మధ్య ఉర్లగడ్డ, బఠాణీ కలిపిన బిళ్ళ, పైన రొట్టె పొడి. పక్కన ఒక ఆకు. అంతే.

నాకు వెంటనే నా అలసందలు గుర్తొచ్చినాయి. ఆ నెలలోనే ఇంటి దగ్గరికొచ్చిన వ్యాపారికి కిలో 58 రూపాయల లెక్కన మూటలు ఎత్తిచ్చినా. అంటే రెండు కిలోల అలసందలు ఇచ్చి నేను కొన్నది ఒక ఉర్లగడ్డ బిళ్ళ. ఆ రెండు కిలోలతో అరవై బిళ్ళలు చెయ్యొచ్చు. ఆ లెక్క తర్వాత చెప్తా.

బర్గర్ మాట ఎత్తితే మనోళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరేమో "ఛీ, అది మన తిండి కాదు, గొడ్డు మాంసం తిండి, పిల్లల్ని దాని దరిదాపులకు పోనీయొద్దు" అంటారు. అన్న సాయంత్రమే వాళ్ళ పిల్లోడు ఫోన్లో ఆర్డరు పెట్టుకుంటాడు. ఇంకొకరేమో "గొడ్డు మాంసం లేని బర్గర్ కూడా ఒక బర్గరేనా, అది ఉత్త నకలు" అంటారు. ఈ ఇద్దరికీ నాకు పడదు. ఒకాయన తిండిని చూసి భయపడతా ఉన్నాడు, ఇంకొకాయన తన ఇంటి తిండిని చూసి సిగ్గు పడతా ఉన్నాడు.

ముందే ఒక మాట. గొడ్డు మాంసం తినేవాళ్ళ జోలికి నేను పోను. మన ఊళ్ళల్లో తినేవాళ్ళు ఉన్నారు, తిననివాళ్ళు ఉన్నారు. ఎవరి కంచం వాళ్ళది. ఇంకొకరి కంచంలోకి తొంగిచూసే రాజకీయం ఈ పోస్టు కింద పెట్టబాకండి. నేను మాట్లాడేది రైతు కంచం గురించి.

ఇప్పుడు మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తా. ప్రపంచంలో గొడ్డు మాంసం అందరికంటే ఎక్కువ ఎగుమతి చేసే దేశం బ్రెజిల్. ఆ దేశంలో ఇరవై కోట్లకు పైగా పశువులు ఉన్నాయి. వాటిల్లో ఎక్కువ భాగం ఏ జాతో తెలుసా? వాళ్ళు పిలిచే పేరు "నెలోర్". అవునండీ, మన నెల్లూరు పేరే. అవి మన ఒంగోలు గిత్తల సంతానం. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లాలో కలిసేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే ఆ పేరు.

1868లో ఇంగ్లండు పోయే ఓడ ఒకటి దారిలో బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగిందంట. అందులో ఉన్న ఒంగోలు జతను అక్కడే అమ్మేశారు. ఇంకో పదేళ్ళకు 1878లో రియో వైపు పశుపోషకుడు ఒకాయన జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి ఇంకో జతను కొనుక్కున్నాడు. హాంబర్గ్ అంటే ఏ ఊరు? హాంబర్గర్ అనే పేరుకు మూలమైన ఊరు! మళ్ళీ 1960ల మొదట్లో మన పక్క నుంచి మంచి మంచి గిత్తలను ఓడలెక్కించి తీసకపోయినారు. ఈ మధ్య వయాటినా-19 అనే నెలోర్ ఆవుకు 2023 వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టినారని మీరూ వీడియోల్లో చూసి, "మన నెల్లూరు ఆవు" అని గొప్పగా షేర్లు కొట్టినారు. నేనూ కొట్టినా.

కానీ ఈడ చూడండి. మా నాయన కాలంలో మా వీధిలో ఇంటింటి ముందూ కాడెద్దులు ఉండేవి. ఈ రోజు లేవు. అందులో నా తప్పు కూడా ఉంది. మేపు దొరక్క, కూలీలు దొరక్క నా జతను నేనే సంతలో అమ్మి ట్రాక్టరు బాడుగకు పిలిచినా. మన ఎద్దు విలువ మనకు తెలిసేసరికి అది పరాయి దేశంలో కోట్లు పలకతా ఉంది, వాళ్ళ బర్గర్‌లో ముక్క అయింది. రేపు మన మెట్ట గింజలకూ ఇదే గతి పడతాదని నా భయం.

మరి గొడ్డు మాంసం లేకుండా బర్గర్ ఉండదా? ఉంటాదని ఆ కంపెనీవాళ్ళే మన దేశంలో చేసి చూపించినారు. 1996లో మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో మొదటి హోటలు తెరిచినప్పుడు గొడ్డు మాంసం లేకుండానే తెరిచింది. అమెరికాలో దేనితో పేరు తెచ్చుకున్నారో దాన్నే పక్కన పెట్టి, మన కోసం మటన్‌తో ఒకటి, ఉర్లగడ్డ టిక్కీతో ఒకటి చేసినారు. అంత పెద్ద కంపెనీ మన నోటికి తగ్గట్టు మారింది. మనం మాత్రం మన పొలానికి తగ్గట్టు మన వంట మార్చుకోలేకపోతా ఉన్నాం. ముంబైవాళ్ళను చూడండి. పావులో బటాటా వడ పెట్టుకున్నారు, ఊరి పేరే నిలబెట్టుకున్నారు. గుండ్రటి రొట్టెలో గారె పెడితే తప్పేముంది?

ఇప్పుడు అసలు సంగతికొస్తా. మన పడమటి మండలాలు, ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా, మెట్ట ఎక్కువ. సోమశిల నీళ్ళు అందిన చోట వరి, బోరు ఉన్న చోట నిమ్మ, ఏదీ లేని చోట వాన. ఆ వాన చేలో నిలబడేది అలసంద, ఉలవ, పెసర, మినుము, కంది. అలసంద రెండున్నర మూడు నెలల్లో చేతికొస్తాది. వేర్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి భూమికి ఇస్తాది. ఆకు గొడ్డుకు మేత. గింజలో వంద గ్రాములకు 23 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. ఉర్లగడ్డలో రెండు గ్రాములు. మాంసం బిళ్ళ బదులు పెట్టాల్సింది ఏదో ఇప్పుడు మీరే చెప్పండి.

ఇంత మంచి గింజకు సర్కారు కట్టిన ధర ఎంత? అలసందకు మద్దతు ధర లేనే లేదు. ఉలవలకూ లేదు. ఆ జాబితాలో వాటి పేరే ఉండదు. 2025-26కు మినుములకు క్వింటా 7,800, పెసలకు 8,768, కందులకు 8,000 అని ప్రకటించినారు. ప్రకటించిన ధర వేరు, కళ్ళంలో ధర వేరు అని మీకు నేను చెప్పాల్నా? అది చాలదన్నట్టు 2023 డిసెంబరు నుంచి దాదాపు రెండేళ్ళు పసుపు బఠాణీకి దిగుమతి సుంకం ఎత్తేసినారు. కెనడా నుంచి, రష్యా నుంచి ఓడల్లో దిగింది. చౌక బఠాణీ దిగితే అన్ని పప్పుల ధరా కిందికి లాగతాది. నేను టౌనులో తిన్న బిళ్ళలో బఠాణీ ఏ దేశానిదో నాకు తెలీదు, మా మెట్టది మాత్రం కాదు.

ఇంటికొచ్చి మా ఇంటామెతో చెప్పినా, మనమే చేద్దామని. ఆమె నవ్వింది. "అలసందలు యాడున్నాయి, అన్నీ అమ్మేస్తివి గదా" అనింది. నిజమే. విత్తనానికి ఎత్తిపెట్టినవి ముట్టుకోకూడదు. అంగడికి పోయి కిలో 110కి కొనుక్కొచ్చినా. 58కి అమ్మినోణ్ణి నేనే, 110కి కొన్నోణ్ణీ నేనే. ఇంతకంటే సిగ్గుచేటు ఉంటాదా?

మొదటిసారి చెడిపోయింది. గారెల పిండి మాదిరి మెత్తగా రుబ్బి పెనం మీద వేస్తే పైన మాడింది, లోపల పచ్చి. తిరగేస్తే ముక్కలైంది. బిడ్డ "తాతా, ఇది బర్గర్ కాదు, ఉప్మా" అనింది. రెండోసారి మా ఇంటామె దారి కనిపెట్టింది. ఆమె చేసిన పద్ధతి చెప్తా, రాసుకోండి.

పావుకిలో అలసందలు ఆరు గంటలు నానబెట్టండి. జల్లెట్లో పోసి అరగంట నీళ్ళు ఓడనీయండి, ఇదే ముఖ్యం. ఒక గుప్పెడు గింజలు పక్కన పెట్టి, మిగతావి చుక్క నీళ్ళు పోయకుండా కచ్చాపచ్చాగా రుబ్బండి. పక్కన పెట్టిన గింజలు, ఉడకబెట్టి చిదిమిన ఒక చిన్న చిలగడదుంప, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయలు, అల్లం, జీలకర్ర, కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు కలపండి. జారుగా ఉంటే రెండు మూడు చెంచాల పుట్నాల పొడి వేయండి. ఇడ్లీ పళ్ళేలకు నూనె రాసి, పిండి గుంతల్లో అదిమి, పది పన్నెండు నిమిషాలు ఆవిరి మీద ఉడకనీయండి. పూర్తిగా ఆరినాక తీసి, అరచేత్తో కొంచెం వెడల్పు చేసి, పెనం మీద చెనక్కాయ నూనెతో రెండు వైపులా ఎర్రగా కాల్చండి. లోపల ముందే ఉడికి ఉంటాది గనుక విరగదు, పచ్చి ఉండదు. ఎనిమిది అవుతాయి.

పైన పూయడానికి సీసా సాసు అక్కర్లా. గడ్డ పెరుగును గుడ్డలో కట్టి వేలాడదీసి, పుదీనా, ఉప్పు, నిమ్మరసం కలపండి. పొదలకూరు నిమ్మ మార్కెట్టు పక్కన పెట్టుకొని సీసాలో పులుపు కొనడం ఏం కర్మ? ఇంకో వైపు టమాటా పచ్చడి. మధ్యలో ఎర్రగడ్డ చక్రం, కీరా ముక్క.

ఖర్చు లెక్క చెప్తా. అంగట్లో కొన్న అలసందలు, ఎనిమిది బన్నులు, కూరగాయలు, పెరుగు, నూనె, అన్నీ కలిపి 140 దాటలేదు. టౌనులో ఒకటి 120. ఒక్కో బిళ్ళలో ఏడు గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. ఆ అలసందలు నా చేలోవే అయ్యుంటే ఇంకా తగ్గేది.

నేను అబద్ధం చెప్పను. బన్ను మైదాదే. రోజూ తినే తిండి కాదు, నెలకు రెండు మూడుసార్లు చాలు. మైదా వద్దనుకుంటే జొన్నరొట్టెలో మడిచి పెట్టుకోండి, నేను అట్టే తిన్నా. బిడ్డ కూడా "అంగట్లోది మెత్తగా ఉంటాది తాతా, ఇది కరకరలాడతా ఉంది" అనింది. బాగుందా లేదా అంటే జవాబు చెప్పలేదు. రెండోది తీసుకునింది. ఊరికి పోయేముందు రోజు వాళ్ళమ్మకు ఫోను చేసి ఇడ్లీ పళ్ళేల సంగతి చెప్తా ఉంటే విన్నా.

మరి ఒక ఇంట్లో ఎనిమిది బిళ్ళలు చేస్తే రైతు బాగుపడతాడా అని అడగతారు. పడడు. నాకూ తెలుసు. కానీ మన గింజను మనమే తినకపోతే ఎవుడు తింటాడు? మనమే పిల్లల ముందు "అలసందలు పాత తిండి" అని చులకన చేస్తే వాళ్ళు టౌనుకు పోయి ఉర్లగడ్డ బిళ్ళకు 120 ఇస్తారు. పట్నాల్లో ఇప్పుడు మొక్కల మాంసం అని పాకెట్లు అమ్మతా ఉన్నారు. పాకెట్టు వెనక చదవండి, సోయా, బఠాణీ అనే ఉంటాది. మన పప్పు గింజ చుట్టమే వాళ్ళ పాకెట్టులో గొప్పదైంది, మన కుండలో చులకనైంది.

కాబట్టి అడగాల్సినవి అడగతా ఉన్నా. సర్కారును అడిగేది: అలసంద, ఉలవలను మద్దతు ధర జాబితాలో చేర్చండి. అంగన్‌వాడీలో, బడి భోజనంలో వారానికి ఒక పూట మెట్ట గింజ పెట్టండి, ఆ గింజ ఈ మండలాల్లోనే కొనండి. డ్వాక్రా అక్కలను అడిగేది: ఆత్మకూరు బస్టాండు దగ్గర బజ్జీల బండి నడుస్తాది గదా, అలసంద బర్గర్ బండి ఎందుకు నడవదు? 30 రూపాయలకు అమ్మినా మిగులుతాది. రైతులను అడిగేది: అమ్మేటప్పుడు ఇంటికి ఒక మూట ఎత్తిపెట్టుకోండి. నా మాదిరి 58కి అమ్మి 110కి కొనబాకండి.

ఎద్దును పోగొట్టుకున్నాం. ఓడెక్కి పోయినదానికి మన ఊరి పేరు మిగిలింది, మనకు ఫోన్లో వీడియో మిగిలింది. విత్తనాన్ని కూడా అట్టే పోగొట్టుకొని, ఇంకో యాభై ఏళ్ళకు ఏ దేశంవాడో మన అలసందకు పేరు పెట్టి మనకే అమ్మితే అప్పుడు కూడా గొప్పగా షేర్లు కొట్టుకుంటామా?

ఈ రాత్రికే ఒక గ్లాసు అలసందలు నానేయండి. రేపు చేసి చూడండి. విరిగితే నన్ను తిట్టండి, కుదిరితే ఫోటో పెట్టండి. మా ఇంటామె పద్ధతి కంటే మంచిది మీకు తెలిస్తే కింద రాయండి, ఈసారి బిడ్డ వచ్చేలోపు నేర్చుకుంటాం.

ఉంటా.