ముంజేతి కంకణమూ, నిద్ర లెక్కలూ

ముంజేతి కంకణానికి అద్దమెందుకు అన్నారు మన పెద్దలు. నేడు విద్యార్థుల ముంజేతికి కంకణం వంటి యంత్రమొకటి వచ్చింది. రాత్రి మనమెంతసేపు నిద్రించామో తెల్లవారగానే అది లెక్క చెబుతుంది. మానసిక ఆరోగ్యాన్ని పరిశోధించే శాస్త్రజ్ఞులు సైతం ఆ లెక్కలను సేకరిస్తున్నారు. ఈ కంకణానికి మాత్రం అద్దం అవసరమనీ, ఆ అద్దం ధరించినవారి నోటిమాటయేననీ మా అభిప్రాయం.

యంత్రాన్ని నిందించడం మా ఉద్దేశం కాదు. దిగులు నిద్రను హరిస్తుంది; నిద్రలేమి దిగులును పెంచుతుంది. కనుక మనోవ్యాధులను గ్రహింపగోరువారు నిద్రను కొలవక తప్పదు. తలకు తీగెలంటించి మెదడు తరంగాలను నమోదుచేసే ప్రయోగశాల పరీక్ష ప్రామాణికమైనదే గాని, దానిని సాధారణంగా ఒకటి రెండు రాత్రులకు మించి జరపరు. చేతి యంత్రమైతే సొంత యింట, సొంత పడకపై, వారాల తరబడి కొలవగలదు. బ్రిటన్‌లో 2013 - 2015 మధ్య సుమారు లక్షమంది చేతులకు ఏడేసి రోజులు ఇట్టి యంత్రాలను కట్టారు. వారిలో 91 వేలమందికి పైగా వివరాలను పరిశీలించి 2018లో ప్రకటించిన ఫలితం ప్రకారం, పగటి చురుకుదనానికీ రాత్రి విశ్రాంతికీ భేదం తగ్గినవారిలో కుంగుబాటు వ్యాధి ఎక్కువగా కనిపించింది.

మన పొరుగున చెన్నైలో జరిగిన పరిశోధన మరింత ఆలోచింపజేసేది. 2021లో ప్రకటితమైన ఆ పరిశోధనలో 452 మంది అల్పాదాయ శ్రామికుల నిద్రను ఈ విధంగానే కొలిచారు. వారు పడకపై గడిపినది 8 గంటలు, నిద్రించినది 5.5 గంటలే. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న సామెత ఉక్కలో, దోమలలో, వీధి రొదలో నిలువలేదన్నమాట. రాత్రి నిద్రను 27 నిమిషాలు పెంచినా వారి పనిలోగాని, మనఃస్థితిలోగాని చెప్పుకోదగిన మార్పు రాలేదు. మధ్యాహ్నపు చిన్న కునుకు మాత్రం రెండింటికీ మేలు చేసింది. గంటల సంఖ్యయే సర్వస్వం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక లోపం సంగతి. ఈ యంత్రం ముఖ్యంగా కొలిచేది కదలికను. కొన్ని నాడిని కూడా గమనిస్తాయి. కదలక పడుకున్నవాడు మేలుకొని ఉన్నా, నిద్రించినట్లే అది తరచు లెక్కిస్తుంది. దిగులుపడినవాడు చేసేది అదే గదా! కన్నులు తెరచి, ఇంటి కప్పును చూస్తూ, కదలక పడి ఉంటాడు. ఎవరి బాధను తెలుసుకొనుటకై యంత్రం కట్టామో, వారి వద్దనే లెక్క తప్పే ప్రమాదమున్నది.

మన జిల్లాల జీవితాన్నే చూడండి. తెల్లవారకముందే సముద్రంలో వేటకు పోయే మత్స్యకారుని నిద్ర చెదిరినదిగా నమోదౌతుంది. రంజాన్ మాసంలో తరావీహ్ ముగించి, సహరీకి లేచే మన విద్యార్థి నిద్రా అంతే. మొదటిది వృత్తి, రెండవది ఆరాధన. ఏదీ వ్యాధి కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరితోటలను కూల్చింది. అట్టి రాత్రిని చూచిన రైతు ఈదురుగాలికి ఉలిక్కిపడి లేస్తే, యంత్రం లేచిన వేళను మాత్రమే నమోదు చేస్తుంది. కారణం ఆయనే చెప్పాలి.

కావున కళాశాల కమిటీ వారికి మా మనవి. పరిశోధకులెవరైనా మన విద్యార్థుల చేతికి ఇట్టి యంత్రం కట్టదలచితే మూడు షరతులు కోరండి: సమ్మతిపత్రం తెలుగులో, ఉర్దూలో ఉండాలి, సమాచారం ఎవరికి చేరుతుందో ముందే తెలపాలి, రాత్రి ఎలా గడిచిందో ప్రతి ఉదయం విద్యార్థినే అడిగి వ్రాసుకోవాలి. విద్యార్థులారా, గడియారంలోని అంకెను చూచి మీ మనస్సుకు మీరే తీర్పు చెప్పుకొనకండి. నిద్ర రాని రాత్రులు వరుసగా వస్తే ఇంటి పెద్దలతోనో, అధ్యాపకులతోనో, 14416 సంఖ్యపై లభించే ప్రభుత్వ టెలి మానస్ సేవతోనో మాట్లాడండి. మీ బాధను మీరు చెప్పినంత బాగా ఏ యంత్రమూ చెప్పలేదు.