ఫొటోలలో అసలు ఏది, నకలు ఏది?

గత మాసం రాజోలు సమీపంలోని ఒక లంక గ్రామంలో మా దగ్గరి బంధువుల ఇంటికి వెళ్ళాము. కుటుంబ ఆల్బమ్ కోసం ఆ ఇంటి పెద్ద మనవడు మర్హూమ్ తాతగారి ఫొటోను పెద్ద సైజులో వేయించి తెచ్చాడు. మెరుస్తున్న ఆ బొమ్మను దాదీ చాలాసేపు చూశారు. “బేటా, ఫొటో బాగుంది. కాని ఇది మీ దాదా ముఖం కాదు” అన్నారు. ఇంటిల్లిపాదీ నిశ్శబ్దమైపోయారు.

జరిగినదేమిటో మేమంతా కూర్చుని ఆరా తీశాము. అసలు ఫొటో ఎప్పుడో స్టూడియోలో తీయించిన నలుపు తెలుపు ప్రతి. 2022 జూలైలో వచ్చిన గోదావరి వరదలో ట్రంకు పెట్టెతో సహా తడిసి పాడైపోయింది. అంతకు ముందే, 2019లో కువైట్ నుంచి సెలవుపై వచ్చిన పెద్ద కుమారుడు దానిని తన ఫోనుతో తీసి, వాట్సాప్‌లో అందరికీ పంపాడు. తమ్ముడు స్నాప్‌సీడ్‌లో వెలుగు పెంచాడు. కోడలు మరొక యాప్‌లో అంచులు కత్తిరించింది. పట్టణంలోని ఒక స్టూడియోవారు ఫొటోషాప్‌లో మచ్చలు తుడిచారు. చివరకు మనవడు ముఖాన్ని స్పష్టం చేసే కృత్రిమ మేధ యాప్‌లో వేశాడు. ఐదు ఫోన్లలో వెతికితే పదకొండు ఫైళ్ళు దొరికాయి. ఒకదాని పేరు ‘ఫైనల్’, మరొకదాని పేరు ‘ఫైనల్ కొత్తది’, ఇంకొకటి ‘దాదా 2’. మిగిలినవన్నీ వాట్సాప్ పెట్టిన అంకెలే. ఏది ముందుదో, ఏది దేని నుంచి వచ్చిందో చెప్పగలవారు లేరు.

ఎవరూ చెడు ఉద్దేశంతో చేయలేదు. ప్రతి ఒక్కరూ ప్రేమతోనే చేశారు. కాని అన్నిటికంటే పాత ప్రతి ఏదో తెలియనందువల్ల ఒకరు మార్చినదానిని మరొకరు అసలు అనుకుని మళ్ళీ మార్చారు. ఇక కృత్రిమ మేధ, ఫొటోలో లేని వివరాన్ని తాను నేర్చుకున్న వేలాది ముఖాల నుంచి ఊహించి నింపుతుంది. అక్కడ కనిపించే కన్ను, పెదవి మన పెద్దవారివే అన్న హామీ లేదు.

హదీసులు మనకు ఎలా చేరాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. ముహద్దిసులు వాక్యాన్ని మాత్రమే భద్రపరచలేదు. అది ఎవరి నుంచి ఎవరికి చేరిందో తెలిపే ఇస్నాద్‌ను కూడా భద్రపరిచారు. హజ్రత్ ఉస్మాన్ (ర) ఖుర్ఆన్ ప్రతులు రాయించినప్పుడు, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (ర) వద్ద ఉన్న మూల పత్రాలను తెప్పించి, నకళ్ళు పూర్తయ్యాక వాటిని తిరిగి ఆమెకే పంపారు. దివ్యగ్రంథంతో మన ఫొటోలను పోల్చడం మా ఉద్దేశం కాదు. మూలాన్ని ముట్టకుండా ఉంచి నకలుపై పని చేయాలన్న క్రమశిక్షణ మన వారసత్వంలోనే ఉందని గుర్తు చేయడమే.

ఈ క్రమశిక్షణను ఇంట్లో అమలు చేయడం కష్టం కాదు. ముందుగా, ప్రతి ఫొటోకు ఒక మూల నామం ఉండాలి. తేదీ, ఊరు, సందర్భం, వరుస సంఖ్య. ఉదాహరణకు: ‘2024-03-10_కొత్తపేట_నిఖా_001’. సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో రాస్తే కంప్యూటర్ వాటిని కాలక్రమంలో తానే పేరుస్తుంది. 1 అని కాక 001 అని రాస్తే 2 కంటే ముందు 10 వచ్చే చిక్కు ఉండదు. తెలుగు అక్షరాలను ఇప్పటి ఫోన్లు స్వీకరిస్తాయి. పాత ప్రోగ్రాములు కొన్ని చదవలేవు కనుక, స్టూడియోకు ఇచ్చేవాటికి ఇంగ్లీషు అక్షరాలే మేలు.

రెండవది, ఏ ప్రోగ్రాంలో మార్చినా ఈ మూల నామం మారకూడదు. తోక మాత్రమే పెరగాలి. మొదటిది ‘001_అసలు’. దాని నుంచి ‘001_ఎ_వెలుగు_స్నాప్‌సీడ్’. దాని నుంచి ‘001_ఎ_బి_మచ్చలు_ఫొటోషాప్’. పేరు చదివితే చాలు, ఆ ఫొటో వంశవృక్షం తెలుస్తుంది. ‘ఫైనల్’ అన్న మాటను పూర్తిగా మానుకోండి. రేపు ఇంకెవరైనా మార్చరని ఎవరు చెప్పగలరు?

మూడవది, ప్రతి సందర్భానికీ ఒక ఫోల్డరు, అందులో మూడు అరలు: అసలు, పని, పంచేవి. ‘అసలు’ అరలోని ఫైలును తెరచి చూడవచ్చు కాని దానిపై సేవ్ చేయరాదు. జేపీఈజీ ఫైలును మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. లైట్‌రూమ్ వాడేవారు పేరు మార్చదలచుకుంటే అందులోనే మార్చాలి. బయట మారిస్తే అది ఆ ఫైలును గుర్తించలేదు. దగ్గరివారికి అసలు పంపవలసి వస్తే వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే పరిమాణం తగ్గి, తీసిన తేదీ వివరాలు కూడా పోతాయి.

పాత ఫొటోలను ఫోనుతో తీసేవారికి మరొక మాట. ఫైలులో నమోదయ్యే తేదీ నేటిది, ఫొటో తీసిన నాటిది కాదు. కనుక పేరులో ‘1980_సుమారు’ అని పెద్దలనడిగి రాయండి. ఫొటో వెనుక వైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర, చేతిరాత అక్కడే ఉంటాయి.

గౌతమికీ వశిష్ఠకూ నడుమ బతికే కోనసీమవాసులకు నీరు అమానత్‌లను అడగకుండా తీసుకుపోతుందని వేరే చెప్పనవసరం లేదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 నాటి తుఫాను ఎన్ని పెట్టెలను ఖాళీ చేశాయో మన పెద్దలనడగండి. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, ఒకటి ఊరికి దూరంగా ఉండాలన్నది ఫొటోగ్రాఫర్లు పాటించే సూత్రం. ఒకటి ఫోనులో, ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో ఉన్న మీవారి వద్ద ఉంచండి. నిఖానామా, భూమి దస్తావేజులు, పాస్‌పోర్టు ప్రతులకూ ఇదే పద్ధతి. అప్పు ఒప్పందాలను రాసుకోమని ఆదేశించిన అల్ బఖరా 282వ ఆయత్ ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనదన్న సంగతి మనకు తెలిసిందే.

అయితే ఇంటి ఆడపిల్లల ఫొటోలను తెలియని యాప్‌లలో వేసే ముందు వారి అనుమతి అడగండి. ఆ ముఖం వారి అమానత్.

ఇంతకూ ఆ దాదాగారి ఫొటో ఏమైంది? కువైట్‌లోని కుమారుడు పాత ఫోనును ఛార్జింగ్ పెట్టి వెతికాడు. 2019 తేదీతో, కెమెరా పెట్టిన పేరుతో మొదటి ఫైలు అందులో భద్రంగా ఉంది. డాక్యుమెంటుగా పంపాడు. వెలుగు తక్కువ, అంచు వంకర. కాని దాదీ ఫోనును దగ్గరకు తీసుకుని నుదుటిపై వేలు పెట్టారు. దశాబ్దాల నమాజు నిలిపిన సజ్దా గుర్తు అక్కడ ఉంది. మచ్చ అనుకుని ఎవరో తుడిచివేసినది అదే.

మనకు అప్పగించబడిన వాటిని ఉన్నవి ఉన్నట్లుగా తరువాతి తరానికి అందించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.