బ్లేడుతో గీకద్దు: నాయన వ్యాను మీది అక్షరాలు

ఈసారి పాత ఫోటోలు లేవు, వంశవృక్షం లేదు. ఒక పాత బండి మీద నుంచి స్టిక్కర్లు తీసే పని గురించి రాస్తున్నాను. ఇది కూడా మన ఇంటి సంగతే అని నా అభిప్రాయం. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మాది చింతామణి. ఇప్పుడు చిక్కబళ్ళాపురం జిల్లా, నేను చదువుకునేటప్పుడు కోలారు జిల్లా. నాయనకి నూనె అంగడి ఉండేది. 1999లో ఒక తెల్ల ఆమ్నీ వ్యాను తీసుకున్నాడు. డబ్బాలు మోసింది, పెండ్లిళ్ళకి జనాన్ని మోసింది, అవ్వని ఆసుపత్రికి మోసింది. మొదటి 15 ఏళ్ళు అయినాక ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ కొత్తది చేయించుకుంటా వచ్చినాము. నాయన పోయినాక తోలేవాళ్ళు లేరు. అందుకే అమ్మేద్దామని అనుకున్నాము.

వ్యాను మీద మూడు చోట్ల స్టిక్కర్లు. ముందర అద్దం పైన రేకు మీద "శ్రీ అమరనారేయణ ప్రసన్న" అని తెలుగులో. పక్క తలుపు మీద అంగడి పేరు కన్నడంలో. వెనక తలుపు మీద ఫోన్ నంబరు. కైవారం మాకు దగ్గర. తాతయ్య కీర్తనలు తెలుగులోనూ ఉన్నాయి, కన్నడంలోనూ ఉన్నాయి కాబట్టి ఆ దేవుడి పేరు ఏ లిపిలో రాసినా మా ఊర్లో ఎవరూ అడగరు.

కొనేవాడు స్టిక్కర్లు తీసిచ్చేయండి అన్నాడు. న్యాయమే. అతని బండి మీద మా అంగడి పేరు ఎందుకు? వెనక నంబరు తీయించడానికి ఒక స్టిక్కర్ అంగడికి తీసుకుపోయినాను. అక్కడి పిల్లోడు జేబులోనుంచి బ్లేడు తీసినాడు, పది నిమిషాల్లో పని అయిపోయింది. ఇంటికొచ్చి ఎండలో చూస్తే నంబరు పోయింది, దాని స్థానంలో పిల్లి రక్కినట్టు ఇరవై గీతలు. రెండు చోట్ల లోపలి ప్రైమరు కనిపిస్తోంది. వానాకాలంలో తుప్పు మొదలయ్యేది అట్లాంటి చోటనే.

మిగతా రెండూ నేనే తీస్తానని చెప్పినాను. చిన్నాయన నవ్వినాడు. "ఏమిరా, బ్లేడు పెట్టి గీకేస్తే అయిపోయే పనికి రెండు దినాలు సెలవు పెడతావా?" అన్నాడు. అమ్మ మాత్రం ఒకటే మాట అనింది. "ముందరిది మీ నాయన చేతిరాతరా. చూసి తీయి."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ కాలంలో మా ఊర్లో రేడియం కాగితాన్ని చేత్తో కోసి అంటించేవాళ్ళు. కోసే ఆయనకి తెలుగు రాదు. నాయన ఇంట్లో కూర్చొని పెద్ద కాగితం మీద తెలుగు అక్షరాలు తానే రాసి ఇచ్చినాడు. ఆయన ఆ గీత ప్రకారమే కోసినాడు. నాయన లెక్కల పుస్తకాలన్నీ కన్నడంలోనే. ఉత్తరాలు రాసే అలవాటు లేదు. అంటే నాయన చేతి తెలుగు మాకు మిగిలింది ఆ బండి మీద మాత్రమే.

నేను తెలుగు చదవడం నేర్చుకున్నదీ అక్కడే. నాది కన్నడ మీడియం. అ, మ, న, ణ, ర మనకీ వాళ్ళకీ దాదాపు ఒకటే కాబట్టి "అమరనారేయణ" సులభంగానే పట్టుకున్నాను. తలకట్టు ఒకటే తేడా. "ప్రసన్న" దగ్గర ఒక విచిత్రం ఉంది. తెలుగులో ప కింద రవత్తు ఎడమ పక్కనుంచి చుట్టుకొని వస్తుంది. కన్నడంలో కింద కుడిపక్కన వేలాడుతుంది. నాయన తెలుగు ప రాసి, దానికి కన్నడ రవత్తు తగిలించినాడు. తిరుపతి నుంచి వచ్చినప్పుడు మా బావ అది చూసి, "మామయ్యా, ఇది ఏ భాష?" అని ఎగతాళి చేసినాడు. నాయన, "మా భాష" అన్నాడు. అంతే.

నా మొదటి అభిప్రాయం ఇది. పాత అక్షరాన్ని తీసేయడం తప్పు కాదు. బండి చేతులు మారితే పేరు పోవాల్సిందే. చూడకుండా, రాసుకోకుండా తీసేయడమే తప్పు. నేను ముందు ఎదురుగా నిలబడి, స్కేలు పక్కన పెట్టి, ఫోటోలు తీసినాను. తరవాత బటర్ పేపర్ అంటించి పెన్సిల్‌తో అక్షరాల అంచులన్నీ దించుకున్నాను. దానికి పట్టింది ఇరవై నిమిషాలు. బ్లేడుకి పట్టిన టైముకంటే పది నిమిషాలే ఎక్కువ.

ఇంక తీసే పని. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఏ మార్పైనా ముందు చిన్న చోట చేసి చూడు, తరవాత అంతటా చెయ్యి అనేది మా పనిలో మొదటి పాఠం. సాఫ్ట్‌వేర్‌లో తప్పు జరిగితే పాతదానికి వెనక్కి పోవచ్చు, పెయింట్‌కి ఆ సౌకర్యం లేదు. ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే రెండు వెంట్రుకల మందం కింద రేకు ఉంది. బ్లేడు ఎందుకు పనికిరాదో ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

స్టిక్కర్ పాతదయ్యేకొద్దీ ఎందుకు రాదో కూడా తెలుసుకుంటే మంచిది. స్టిక్కర్ అంటే ప్లాస్టిక్ పొర, దాని కింద జిగురు. ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే పదార్థం ఎండకి ఏళ్ళ మీద పోతుంది. అప్పుడది అప్పడం మాదిరి పెళుసవుతుంది, లాగితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. రేడియం స్టిక్కర్ ఇంకా మొండిది. అది పొరల మీద పొర, పైది ఊడినా కిందిది ఉండిపోతుంది.

నేను చేసింది ఇది. ముందు షాంపూ నీళ్ళతో బాగా కడిగినాను. మట్టి ఉంటే ప్రతి రుద్దుకీ ఒక గీత పడుతుంది. తరవాత బండిని నీడకి తెచ్చి, అక్క హెయిర్ డ్రైయర్‌తో స్టిక్కర్‌ని వేడి చేసినాను. జానెడు దూరంలో పట్టుకొని, ఒకే చోట నిలపకుండా ఆడిస్తా ఉండాలి. చెయ్యి పెడితే వేడిగా ఉండాలి కానీ కాలకూడదు, అది కొలత. వర్క్‌షాపుల్లో వాడే హీట్ గన్ కొత్తవాళ్ళు ముట్టుకోకపోవడమే మేలు. దాని వేడికి పెయింట్ పొంగుతుంది, ప్లాస్టిక్ బంపరైతే వంకర పోతుంది.

జిగురు మెత్తబడినాక మూలని గోరుతో లేపినాను. గోరు చాలకపోతే పాత ఏటీఎం కార్డు చాలు. లేచిన మూలని మన వైపు నేరుగా గుంజకూడదు. దాని మీదికే వెనక్కి మడిచి, రేకుకి దగ్గరగా పెట్టి, మెల్లగా లాగాలి. నేరుగా గుంజితే స్టిక్కర్ తెగుతుంది, కింద పెయింట్ బలహీనంగా ఉంటే అదీ లేచి వస్తుంది. బండి ఎప్పుడైనా గ్యారేజీలో మళ్ళీ పెయింట్ అయి ఉంటే ఇంకా జాగ్రత్త. ఫ్యాక్టరీలో రేకుని పెద్ద వేడిలో కాల్చి గట్టిపరుస్తారు, గ్యారేజీ పెయింట్‌కి ఆ పట్టు ఉండదు. మా వ్యానుకి పక్క తలుపు ఒకసారి దెబ్బ తగిలి మళ్ళీ పెయింట్ అయింది. అందుకే అక్కడ వేడి తక్కువ, నూనె ఎక్కువ వాడినాను.

నూనె అంటే నిజంగా నూనే. స్టిక్కర్ పోయినాక మిగిలే జిగురుకి నాయన అమ్మిన చెనిక్కాయ నూనెనే గుడ్డకి రాసి, అరగంట అంటించి పెట్టినాను. జిగురు ఉబ్బి, వేలితో రుద్దితే ఉండలు ఉండలుగా వచ్చేసింది. అది రాని చోట నీలగిరి తైలం. అదీ చాలకపోతే కొంచెం కిరసనాయిలు గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ. ఏదైనా ముందు తలుపు లోపలి అంచున, కనపడని చోట ఒక చుక్క వేసి చూడాలి. గుడ్డకి రంగు అంటుకున్నా, అక్కడ మెరుపు పోయినా అది వద్దు. థిన్నరు, గోళ్ళరంగు తీసే మందు పెయింట్‌నే కరిగిస్తాయి, వాటి జోలికి పోవద్దు. స్టీలు పీచు, గరుకు కాగితం అసలు వద్దు. కిరసనాయిలు గానీ, ఆల్కహాల్ గానీ వాడేటప్పుడు డ్రైయర్ ప్లగ్గు తీసేయండి, మంట ప్రమాదం. చివర సబ్బు నీళ్ళతో జిడ్డంతా కడగాలి.

రెండు దినాలు పట్టింది. చిన్నాయన రెండో దినం కుర్చీ వేసుకొని కూర్చొని తానూ ఒక "ణ" ఊడదీసినాడు. ఆ మాట ఈ మాట మీద, "మీ నాయన దీన్ని కన్నడంలోనే కొట్టించి ఉంటే పోయేది, ఇప్పుడు కాలం ఎట్లుండాదో చూస్తాండావు కదా" అన్నాడు. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాలేదు. అంగళ్ళ బోర్డుల్లో 60 శాతం కన్నడం ఉండాలని 2024లో చట్టాన్ని సవరించినారు. అది వ్యాపారం బోర్డుల మాట. మా అంగడి బోర్డు మొదటినుంచీ కన్నడమే, అందులో మాకు ఏ కష్టమూ లేదు. ఈ నేల భాషకి ఇవ్వాల్సిన మర్యాద నాయన ఇచ్చినాడు. సొంత బండి మీద దేవుడి పేరు ఇంటి భాషలో రాసుకున్నాడు. ఈ రెండింటికీ పోటీ ఉందని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. ఆ రవత్తే దానికి సాక్ష్యం.

అక్షరాలు పోయినాక వాటి నీడ మిగిలింది. చుట్టుపక్కల పెయింట్ పాతికేళ్ళ ఎండకి పాలిపోయింది, స్టిక్కర్ కింద మాత్రం కొత్త తెలుపు. "అమరనారేయణ" అంతా అట్లే చదవొచ్చు. దీనికి రబ్బింగ్ కాంపౌండు, తరవాత పాలిష్, చివర వ్యాక్సు. మెత్తటి గుడ్డతో, చిన్న చోట, తక్కువ ఒత్తిడితో. రుద్దితే గుడ్డకి తెల్లగా అంటింది, అంటే పైన క్లియర్ కోటు లేని పెయింట్, ప్రతి రుద్దుకీ రంగే తగ్గుతోంది. అందుకే నీడ సగం తగ్గినాక ఆపేసినాను. పూర్తిగా పోయేదాకా రుద్దుంటే అంచుల దగ్గర ప్రైమరు బయటపడేది. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా ఈ పనిలో భాగమే. కొనేవాడికి దాచకుండా చూపించినాను. వెనక బ్లేడు గీతలూ చూపించి, ధరలో తగ్గించినాను.

అతను కన్నడం తప్ప ఇంకోటి చదవలేడు. నీడని చూసి, "అమరనారేయణ కదా, ఉండనీండి" అన్నాడు.

నాకు నచ్చని పద్ధతులు రెండు. ఒకటి, పాతదంతా అంటరానిదైనట్టు గీకి పారేసి బండిని "కొత్తది" చేయడం. రెండోది, పరంపర పేరుతో ఏదీ వదలకుండా, చిరిగి వేలాడే స్టిక్కర్‌ని కూడా పట్టుకొని కూర్చోవడం. చిరిగిన స్టిక్కర్ కింద నీళ్ళు, మట్టి నిలిచి పెయింట్ చెడుతుంది, చూసేవాళ్ళకి అక్షరమూ అర్థం కాదు. దానికంటే ఆ అక్షరాన్ని కాగితం మీదికి దించుకొని బండిని శుభ్రంగా సాగనంపడం మేలు.

మన ఇండ్లల్లో తెలుగు రాత పుస్తకాల్లో తక్కువే. బీరువా తలుపు మీద, గుమ్మం మీద, సైకిల్ మడ్‌గార్డు మీద, బండి నుదుటి మీద ఉంటుంది. రాసినవాళ్ళు పండితులు కారు. గుణింతం తప్పు ఉండొచ్చు, కన్నడమో తమిళమో ఒడియానో కలిసి ఉండొచ్చు. దాన్ని దిద్దకుండా, ఉన్నది ఉన్నట్టు దించుకోండి. పాత బండి అమ్మే ముందు, ఇంటికి పెయింట్ వేయించే ముందు ఒక ఇరవై నిమిషాలు.

నాయన అక్షరాల బటర్ పేపర్ అమ్మ దేవుడి గూట్లో పెట్టింది. వచ్చే నెల నా స్కూటర్‌కి దాన్నిబట్టే స్టిక్కర్ కోయించుకుంటాను. రవత్తు కుడిపక్కనే ఉంటుంది.