రెజ్యూమెలో రెండు లైన్లు, ఇస్తాంబుల్‌లో ఐదేళ్ళు

క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టని మనవాళ్ళకి కూడా మారడోనా పేరు తెలుసు. రొమేనియా వాళ్ళకి సొంత మారడోనా ఒకాయన ఉన్నాడు, పేరు గెయోర్గె హాజీ. పొట్టి మనిషి, ఎడమ కాలి వాటం, ముక్కు మీద కోపం. 1983 నుంచి 2000 దాకా దేశం తరఫున 124 మ్యాచ్‌లు ఆడి 35 గోల్స్ కొట్టిన మిడ్‌ఫీల్డర్.

ఈయన గురించి ఎవరు మొదలెట్టినా ముందు చెప్పేది ఒకటే: రియల్ మాడ్రిడ్‌కీ, బార్సిలోనాకీ కూడా ఆడాడని. నిజమే, ఆడాడు. మనం కూడా పెళ్ళిచూపుల దగ్గర్నుంచి ఇంటర్వ్యూల దాకా మనుషుల్ని ఇలాగే పరిచయం చేస్తాం కదా, ఫలానా పెద్ద కంపెనీలో చేశాడండీ అని. అక్కడ ఏం చేశాడు అని అడిగే నాథుడుండడు!

సరే, మనం అడుగుదాం. రెండు క్లబ్బుల్లో కలిపి నాలుగేళ్ళున్నాడు, ఒక్క లీగ్ టైటిల్ కూడా రాలేదు. మాడ్రిడ్‌లో (1990-92) చివరి లీగ్ మ్యాచ్ టెనెరిఫెతో. హిరో ఒకటి, హాజీ ఒకటి కొట్టి 2-0 ఆధిక్యంలో ఉన్నారు. అక్కణ్ణుంచి 3-2తో ఓడిపోయి టైటిల్‌ని బార్సిలోనాకి అప్పజెప్పారు. బార్సిలోనాలో (1994-96) కష్టం ఇంకో రకం. అప్పటి రూల్ ప్రకారం మైదానంలో ఒకేసారి ముగ్గురు విదేశీయులే ఉండాలి. ఈయన చేరేసరికి అక్కడ స్టొయిచ్కోవ్, రొమారియో, కూమన్ ఉన్నారు. ముగ్గురుండాల్సిన చోట నలుగురు! బెంచ్ అంటే ఏంటో మన ఐటీ వాళ్ళకి వేరే చెప్పాలా?

ఇప్పుడు ఈ రెండు పెద్ద పేర్లకీ మధ్యలో ఏం జరిగిందో చూడండి. మాడ్రిడ్ నించి వెళ్ళింది ఇటలీలోని బ్రెషా అనే చిన్న క్లబ్బుకి. కోచ్ మిర్చా లుచెస్కు సొంత దేశంవాడే. మొదటి ఏడాదే జట్టు సెకండ్ డివిజన్‌కి పడిపోయింది. నిన్నటిదాకా రియల్ మాడ్రిడ్‌లో ఉన్న మనిషి, అయినా వదిలి పోలేదు. ఆ సెకండ్ డివిజన్‌లోనే ఏడాది ఆడి, జట్టు మళ్ళీ పైకొచ్చాక అట్నుంచి అటే 1994 వరల్డ్ కప్‌కి అమెరికా వెళ్ళాడు.

ఆ నెలరోజుల్ని ఫుట్‌బాల్ చూసేవాళ్ళు ఇప్పటికీ మర్చిపోరు. ఆ కప్పు కొలంబియాదే అని పెలే అంతటివాడు చెప్పి ఉన్నాడు. హాజీ ఎడమవైపు గీత దగ్గర్నుంచి, క్రాస్ వేస్తాడేమో అనుకున్న గోల్‌కీపర్ నెత్తి మీదుగా బంతిని గోల్‌లో పడేశాడు. రొమేనియా 3-1తో గెలిచింది. తర్వాత అర్జెంటీనాని 3-2తో ఇంటికి పంపింది, మూడో గోల్ హాజీదే. క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. దేశం అంత దూరం వెళ్ళడం అదే మొదటిసారి. దానికి నాయకుడు సెకండ్ డివిజన్ ఆటగాడు!

అసలు కథ మాత్రం 1996లో, 31 ఏళ్ళ వయసులో, బార్సిలోనా వదిలి ఇస్తాంబుల్ వెళ్ళినప్పుడు మొదలైంది. స్పెయిన్ నుంచి టర్కీకా, అదీ ఆ వయసులోనా? పై నించి చూసేవాళ్ళకి మెట్లు దిగడమే. కానీ గలతసరాయ్‌లో ఫాతిహ్ తెరిమ్ జట్టంతా ఈయన ఎడమ కాలి చుట్టూ అల్లాడు. వరసగా నాలుగు లీగ్ టైటిల్స్ వచ్చాయి.

చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అనేవాళ్ళుంటారు. ఉంటే, 2000 యుయెఫా కప్ చూడమనండి. బొలోన్యా, డార్ట్‌మండ్, మయోర్కా, లీడ్స్, ఫైనల్లో ఆర్సెనల్. ఇవేవీ ఆముదం చెట్లు కావు. ఆ ఫైనల్లో అదనపు సమయంలో హాజీ కోపం తెచ్చుకుని రెడ్ కార్డు తిన్నాడు. అది పూర్తిగా స్వయంకృతం, వెనకేసుకు రావక్కర్లేదు. మిగిలిన పదిమంది నిలబడి పెనాల్టీల్లో గెలిచారు. ఆఖరి పెనాల్టీ కొట్టింది ఆయన తోడల్లుడు పొపెస్కు. టర్కీ క్లబ్బుకి అది మొదటి యూరోపియన్ కప్. మూడు నెలల తర్వాత సూపర్ కప్‌లో ఎదురొచ్చిన జట్టేదో తెలుసా? రియల్ మాడ్రిడ్. 2-1తో దాన్నీ ఓడించారు. అప్పటికి హాజీ వయసు 35.

2001లో ఆట మానేశాక కోచింగ్‌లో దెబ్బలు తిన్నాడు. రొమేనియాని 2002 వరల్డ్ కప్‌కి తీసుకెళ్ళలేకపోయాడు. 2009లో కాన్‌స్టాంట్సా పక్కన పిల్లలకి అకాడమీ పెట్టి సొంత డబ్బు పోశాడు. దాంతోపాటే పెట్టిన క్లబ్బు పేరు వీటోరుల్, అంటే భవిష్యత్తు. 2017లో ఆ క్లబ్బు రాజధాని జట్టుతో పాయింట్లు సమానమై, ముఖాముఖి ఫలితాల లెక్కన దేశ ఛాంపియన్ అయింది. కోచ్ హాజీయే.

పెద్ద క్లబ్బులు దండగ అని నేననను. మాడ్రిడ్‌లో, బార్సిలోనాలో నేర్చుకున్నది ఇస్తాంబుల్‌లో పనికొచ్చే ఉంటుంది. నా గొడవల్లా వేరే. ఒకడు పెద్ద పేరు వదిలి చిన్న చోటికి వెళ్తే, పాపం ఏమైందో అని జాలిపడతాం చూడండి, దాని గురించి. ముప్ఫై దాటాయి ఇంకేం మారతాంలే అని మనకి మనమే చెప్పుకుంటాం చూడండి, దాని గురించి. కంపెనీ మారేముందు మనమంతా అడిగేది దాని పేరెంత పెద్దదని. అక్కడ మన చేతికి బంతి ఎన్నిసార్లు వస్తుందో కూడా అడగాలని నా మటుకు నాకనిపిస్తుంది. మీరేమంటారు?